రోమ్‌లో అట్టడుగున నిలిచిన గొప్ప జట్టు

దక్కన్ మైదానాలు: ఫుట్‌బాల్ చరిత్ర ధారావాహిక

గత భాగాన్ని 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్ దగ్గర ఆపాం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ దాకా వెళ్లిన తొలి ఆసియా జట్టుగా భారత్ పేరు నమోదైన పోటీ అది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం లాంటి జంటనగరాల ఆటగాళ్లు. అందుకే హైదరాబాద్ ఫుట్‌బాల్ వైభవం గురించి ఎవరు రాసినా మెల్‌బోర్న్‌ను శిఖరంగా చూపించి, అక్కడి నుంచి కథను కిందికి దింపుతారు. నాలుగేళ్ల తర్వాత వచ్చిన రోమ్ ఒలింపిక్స్‌ను ఒక్క వాక్యంలో దాటేస్తారు: మూడు మ్యాచ్‌లు ఆడాం, ఒక్కటీ గెలవలేదు, గ్రూపులో ఆఖరి స్థానం. ఆ వాక్యంలో అబద్ధం లేదు. అయితే దాన్నిబట్టి రోమ్ జట్టు మెల్‌బోర్న్ జట్టుకన్నా తక్కువదని తేల్చడంలోనే పొరపాటు ఉంది. రహీం సాబ్ తయారుచేసిన జట్ల అసలు స్థాయి మెల్‌బోర్న్ నాలుగో స్థానంలో కన్నా రోమ్ గ్రూపు పట్టికలోనే స్పష్టంగా కనబడుతుందన్నది నా వాదన. అది నిలబడుతుందో లేదో తేల్చుకోవాలంటే పతకాల పట్టికను పక్కనబెట్టి, ఎవరితో ఎలా ఆడామన్న లెక్కలోకి దిగాలి.

ముందుగా పోటీలు నడిపే పద్ధతి సంగతి చూద్దాం. నాకౌట్ అంటే ఓడినవాడు అదే రోజు పెట్టె సర్దుకోవాలి. 1934 ప్రపంచకప్ మొదటి మ్యాచ్ నుంచి చివరిదాకా నాకౌట్ పద్ధతిలోనే జరిగింది. సముద్రం దాటి ఇటలీ చేరిన బ్రెజిల్, స్పెయిన్ చేతిలో 1-3తో ఓడి, ఆ ఒక్క మ్యాచ్‌తోనే పోటీ ముగించుకుంది. ఒలింపిక్ ఫుట్‌బాల్ కూడా 1956 దాకా ఇదే దారిలో నడిచింది. మనవాళ్లకూ ఆ దెబ్బ తగిలింది. 1948 లండన్‌లో ఫ్రాన్స్‌తో పోరాడి, రెండు పెనాల్టీలు వృథా చేసుకుని 1-2తో ఓడారు, అంతటితో సరి. 1952 హెల్సింకిలో చలిలో, చాలామంది వట్టికాళ్లతో ఆడి యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయ్యారు. అప్పుడూ అంతటితో సరి. ఆ యుగోస్లావియా చివరికి రజతం గెలిచింది. ఇంతకీ మన జట్టు నిజంగా పది గోల్స్ ఇచ్చుకునేంత బలహీనమైనదా, లేక పోటీలోని అత్యంత బలమైన జట్లలో ఒకటి మొదటిరోజే ఎదురైందా? ఒక్క మ్యాచ్‌తో ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒకే ప్రశ్న ఇచ్చి పిల్లవాడి చదువంతా తూచినట్టు ఉంటుంది అది. 1960 రోమ్‌లో ఈ పద్ధతి మారింది. పదహారు జట్లను నాలుగు గ్రూపులు చేశారు. ప్రతి జట్టూ తన గ్రూపులోని మిగతా మూడింటితో ఆడాలి. గ్రూపులో మొదటి స్థానం దక్కినవాళ్లకే సెమీఫైనల్. షరతు కఠినమైనదే అయినా ప్రతి జట్టుకూ మూడు మ్యాచ్‌ల హామీ దొరికింది. చరిత్రకారుడికేమో మూడు వేర్వేరు ప్రత్యర్థులతో పోల్చి చూసే వీలు దొరికింది.

ఈ దృష్టితో మెల్‌బోర్న్‌ను మళ్లీ చూద్దాం. అక్కడికి వచ్చినవే పదకొండు జట్లు. భారత్ మొదట తలపడాల్సిన హంగరీ, స్వదేశంలో తిరుగుబాటును సోవియట్ సేనలు అణచివేసిన నేపథ్యంలో పోటీ నుంచి తప్పుకుంది. మనకు వాకోవర్ దొరికింది. డిసెంబర్ 1న ఆస్ట్రేలియాను 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి ఆసియావాసి అతనే. సెమీఫైనల్‌లో యుగోస్లావియాపై మొదటి గోల్ మనదే అయినా 1-4తో ఓడాం. కాంస్యం కోసం బల్గేరియాతో ఆడి 0-3తో ఓడాం. ఆస్ట్రేలియాను దాని సొంత గడ్డమీద ఓడించడం చిన్న విషయం కాదు. కానీ మొత్తం లెక్క చూడండి: ఆడినవి మూడు, గెలిచింది ఒకటి, అదీ ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌లో పెద్ద పేరు లేని ఆస్ట్రేలియా మీద. ఐరోపా జట్లతో ఆడిన రెండింటిలోనూ మూడేసి గోల్స్ తేడాతో ఓటమి. నాకౌట్ నిచ్చెనలో ఒక మెట్టు వాకోవర్‌తో, ఇంకొకటి ఒక్క గెలుపుతో ఎక్కగలిగాం. ఆ ‘నాలుగో స్థానం’ లోపల ఉన్నది ఇంతే.

ఇక రోమ్. మన గ్రూపులో హంగరీ, ఫ్రాన్స్, పెరూ. ఆగస్టు 26న లాక్విలాలో హంగరీతో తొలి మ్యాచ్. అంతకుముందు 1952లో, తర్వాత 1964, 1968లలో ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన దేశం అది. గోరోచ్ ఒకటి, పద్దెనిమిదేళ్ల ఫ్లోరియాన్ ఆల్బర్ట్ ఇంకొకటి కొట్టారు. ఈ ఆల్బర్టే 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా బాలన్ డోర్ అందుకున్నాడు. రెండో సగంలో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు బలరాం ఒక గోల్ తిరిగి ఇచ్చాడు. స్కోరు 1-2. మూడు రోజులకు గ్రొస్సేతోలో ఫ్రాన్స్‌తో మ్యాచ్. కెప్టెన్ పి.కె. బెనర్జీ 71వ నిమిషంలో గోల్ కొట్టగా, 82వ నిమిషంలో ఫ్రాన్స్ సమం చేసింది. స్కోరు 1-1. మళ్లీ మూడు రోజులకు, సెప్టెంబర్ 1న, పెస్కారాలో పెరూతో 1-3 ఓటమి. గ్రూపు పట్టికలో హంగరీకి 6 పాయింట్లు, ఫ్రాన్స్‌కు 3, పెరూకు 2, మనకు 1. గెలుపుకు రెండు పాయింట్లు, డ్రాకు ఒకటి ఇచ్చే రోజులవి.

పాయింట్ల వరుస దగ్గరే ఆగితే మనం ఆఖరివాళ్లం. గోల్స్ వరుస చదివితే కథ మారుతుంది. హంగరీ ఆ గ్రూపులో పదిహేను గోల్స్ కొట్టింది: ఫ్రాన్స్‌పై ఏడు, పెరూపై ఆరు, భారత్‌పై రెండు. గ్రూపులో రెండో స్థానం పొందిన ఫ్రాన్స్‌ను 7-0తో, మూడో స్థానం పొందిన పెరూను 6-2తో చితకబాదిన జట్టు, ఆఖరి స్థానం పొందిన మనల్ని ఒకే ఒక్క గోల్ తేడాతో గెలిచింది. మూడు మ్యాచ్‌లలో మనం ఇచ్చినవి ఆరు గోల్స్. ఫ్రాన్స్, పెరూ చెరి తొమ్మిది ఇచ్చాయి. కొట్టినవాటి నుంచి ఇచ్చినవి తీసేస్తే మనకూ పెరూకూ మైనస్ మూడు, రెండో స్థానంలో ఉన్న ఫ్రాన్స్‌కు మైనస్ ఆరు. ఇంకో లెక్క కూడా ఉంది. ఫ్రాన్స్‌తో మ్యాచ్‌లో చివరి ఎనిమిది నిమిషాలు మనవాళ్లు కాపాడుకుని ఉంటే భారత్, ఫ్రాన్స్, పెరూ మూడూ తలా రెండు పాయింట్లతో సమంగా నిలిచేవి. అట్టడుగుకూ రెండో స్థానానికీ మధ్య ఉన్న దూరం ఆ ఎనిమిది నిమిషాలే. పన్నెండేళ్ల కిందట ఇదే ఫ్రాన్స్ చేతిలో ఓడి వచ్చామన్నది మరిచిపోకూడదు. ఎనిమిదేళ్ల కిందట ఐరోపా జట్టుకు పది గోల్స్ ఇచ్చిన దేశం, ఇప్పుడు ఐరోపా జట్లు రెండింటితో ఆడి ఇచ్చినవి మొత్తం మూడు. ఈ ప్రగతి నాకౌట్ పద్ధతిలో ఎవరి కంటా పడేది కాదు. హంగరీతో 1-2 ఓటమితో విమానం ఎక్కేవాళ్లం. ఆ హంగరీ ఫ్రాన్స్‌ను ఏం చేసిందో పక్కన పెట్టి చూసుకునే అవకాశమే ఉండేది కాదు.

దీనికి మొదటి అభ్యంతరం పెరూ మ్యాచ్ నుంచే వస్తుంది. హంగరీ చేతిలో ఆరు గోల్స్ తిన్న జట్టు, ఫ్రాన్స్ కూడా ఓడించిన జట్టు, మనల్ని 3-1తో ఎలా గెలిచింది? ఇది తోసిపుచ్చలేని ప్రశ్న. రోమ్ జట్టు అన్నిట్లో మేటి అని చెబితే ఈ మ్యాచ్ ఆ మాటను కొట్టిపారేస్తుంది. నేను చెప్పేది అది కాదు. తమకన్నా బలమైనవాళ్లను కట్టడి చేయడం వచ్చిన జట్టు, తమతో సమానమైనవాళ్లపై ఆధిపత్యం చూపలేకపోయిందన్నది పెరూ మ్యాచ్ ఇచ్చే సమాచారం. బలమూ బలహీనతా ఒకే వారంలో పక్కపక్కన బయటపడటం గ్రూపు దశ ఇచ్చే మేలు. మెల్‌బోర్న్‌లో అది బయటపడే వీల్లేదు. రెండో అభ్యంతరం: ఒలింపిక్స్ అమెచ్యూర్ల పోటీ, ప్రపంచకప్ ఆడే ఫ్రాన్స్ వేరు, రోమ్‌కు వచ్చిన ఫ్రాన్స్ వేరు. నిజమే. పేరు చూసి ఫ్రాన్స్‌తో డ్రాను ప్రపంచకప్ స్థాయి ఫలితంగా లెక్కగట్టడం తప్పు. కానీ ఈ షరతు మెల్‌బోర్న్‌కూ వర్తిస్తుంది. పైగా వృత్తి ఆటగాళ్లనే మాట అధికారికంగా లేని తూర్పు ఐరోపా దేశాలు తమ బలగంలో మేటివాళ్లను పంపగలిగేవి. కాబట్టి ఆ గ్రూపులో పేరుకు తగ్గ బలంతో వచ్చింది హంగరీయే. మనం అత్యంత గట్టిగా నిలబడిందీ ఆ హంగరీ ముందే.

మూడో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది: గెలుపు లేని గొప్పతనం ఏం గొప్పతనం? దానికి జవాబు రెండేళ్ల తర్వాత జకార్తాలో దొరికింది. 1962 ఆసియా క్రీడల్లోనూ గ్రూపు పద్ధతే. రెండు గ్రూపులు, ఒక్కోదాంట్లో నాలుగు జట్లు, మొదటి ఇద్దరికీ సెమీఫైనల్. భారత్ మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. నాకౌట్ అయితే ఆ రోజే ఇంటిదారి. గ్రూపు కాబట్టి తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించి ముందుకు వెళ్లగలిగింది. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో స్టాపర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని వదులుకోలేదు. వెనకనుంచి తీసి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలిపాడు. దక్షిణ వియత్నాంతో 3-2గా గెలిచిన సెమీఫైనల్‌లో అతను గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ అదే దక్షిణ కొరియా. ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వనందుకు ఇండోనేషియాను భారత ప్రతినిధి సోంధీ విమర్శించడంతో సెనయాన్ స్టేడియం నిండా జనం మనమీద మండిపడుతున్నారు. ఆ హోరులోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ చెరో గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనది. ఫైనల్లో బలరాం, యూసుఫ్ ఖాన్, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ రూపంలో హైదరాబాద్, సికింద్రాబాద్‌లు మైదానంలోనే ఉన్నాయి. కొద్ది రోజుల తేడాలో ఒకే ప్రత్యర్థితో 0-2 కాస్తా 2-1 అయింది. రోమ్‌లో లోటుగా కనిపించిన గెలుపు పట్టు ఇక్కడ వచ్చింది. ఆ జట్టుకు వెన్నెముక రోమ్‌లో ఆడినవాళ్లే: బెనర్జీ, బలరాం, తంగరాజ్, జర్నైల్, చునీ గోస్వామి.

ఇందులో రహీం పాత్ర ఏమిటి, పోటీ పద్ధతి పాత్ర ఏమిటి అని విడదీయాలి. మ్యాచ్ మధ్యలో ఆటగాణ్ణి మార్చే వీలు ఆ రోజుల్లో లేదు. కాబట్టి కోచ్ పని ఎక్కువగా రెండు మ్యాచ్‌ల మధ్య రోజుల్లోనే సాగాలి: నిన్న జరిగింది చూడటం, తప్పు పట్టుకోవడం, స్థానాలు మార్చడం. నాకౌట్‌లో ఓడిన జట్టు కోచ్‌కు ఆ రోజులే ఉండవు. రహీం చాదర్‌ఘాట్ హైస్కూల్ లాంటి బడుల్లో పాఠాలు చెప్పిన పంతులు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శిగా, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు కోచ్‌గా పనిచేశాడు. వాటం లేని కాలితోనే ఆడాలని నిబంధన పెట్టి పోటీలు జరిపించాడు. డ్రిబ్లింగ్ నిషేధించి, బంతి అందుకోగానే పాస్ ఇవ్వాలన్న పోటీలూ పెట్టాడు. ఇవి ఒక్క రోజు మెరుపు కోసం చేసే పనులు కావు, లోపాన్ని గుర్తించి నెలల తరబడి సరిచేసే పనులు. సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచిందంటే అదృష్టం అనలేం. ఇలాంటి కోచ్‌కు మూడు మ్యాచ్‌ల గ్రూపు సహజమైన నేల. అలాగని గ్రూపు పద్ధతి దానంతటదే ఎవరినీ గొప్పవాళ్లను చేయదు. దిద్దుకోవడం తెలిసినవాళ్లకు సమయం ఇస్తుంది, తెలియనివాళ్ల లోపాన్ని మూడుసార్లు చూపిస్తుంది.

ఈ రెండు మాటలకూ సాక్ష్యాలు ఉన్నాయి, మొదటిదానికి మన ఊళ్లోనే. 2008 ఏఎఫ్‌సీ ఛాలెంజ్ కప్ గ్రూపు మ్యాచ్‌లకు హైదరాబాద్ వేదిక. భారత్ అఫ్గానిస్థాన్‌ను ఆఖరి క్షణాల గోల్‌తో 1-0గా గెలిచి, తజికిస్థాన్‌తో 1-1 డ్రా చేసుకుని, తుర్క్‌మెనిస్థాన్‌ను 2-1తో ఓడించింది. వానకు మైదానం పాడై ఫైనల్‌ను ఢిల్లీకి మార్చారు. అక్కడ ఎదురైంది గ్రూపులో డ్రా చేసుకున్న తజికిస్థానే. ఈసారి సునీల్ ఛెత్రీ హ్యాట్రిక్‌తో 4-1. ఆ గెలుపే మనల్ని 2011 ఆసియా కప్‌కు చేర్చింది. జకార్తాలో జరిగినట్టే ఒకసారి తెలిసిన ప్రత్యర్థిని రెండోసారి చదవగలిగారు. దీనికి వ్యతిరేక ఉదాహరణ 2024 జనవరిలో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్. ఆస్ట్రేలియా చేతిలో 0-2, ఉజ్బెకిస్థాన్ చేతిలో 0-3, సిరియా చేతిలో 0-1. ఇచ్చిన గోల్స్ ఆరు, రోమ్‌లోలాగే. కొట్టినవి సున్నా, రోమ్‌లో మూడు మ్యాచ్‌లలోనూ ఒక్కో గోల్ ఉంది. రెండూ గ్రూపులో ఆఖరి స్థానాలే. స్థానం ఒక్కటే చూసేవాళ్లకు ఈ రెండు జట్లూ ఒకటిగానే కనబడాలి. కనబడవు కదా!

గ్రూపు పద్ధతికి అసలు విరోధులు కూడా లేకపోలేదు. వాళ్ల ప్రధాన సాక్ష్యం 1982 ప్రపంచకప్. హిహోన్‌లో పశ్చిమ జర్మనీ 1-0తో గెలిస్తే తనకూ ఆస్ట్రియాకూ ఇద్దరికీ లాభం. పదో నిమిషంలో గోల్ పడింది. మిగతా సమయమంతా రెండు జట్లూ బంతిని అటూ ఇటూ తోస్తూ గడిపేశాయి. పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించిన అల్జీరియా ఇంటికి పోయింది. గెలిచినవాడికే చోటు దొరికే నాకౌట్‌లో ఇలాంటి లాలూచీకి తావు లేదన్నది వాళ్ల మాట. అది ఒప్పుకోవాల్సిందే. అయితే లోపం ఎక్కడుందో అక్కడే మందు వేశారు: 1986 నుంచి గ్రూపులోని చివరి రెండు మ్యాచ్‌లనూ ఒకే సమయానికి మొదలుపెడుతున్నారు. వాకోవర్ ఒక జట్టును మెట్టెక్కించే లోపానికి, ఒక్క చెడ్డరోజు నాలుగేళ్ల శ్రమను తుడిచేసే లోపానికి నాకౌట్‌లో అలాంటి మందు లేదు.

ఇక ఈ లెక్కలు ఇప్పుడు మన దగ్గర ఎందుకు పనికొస్తాయో చూద్దాం. హైదరాబాద్ ఫుట్‌బాల్ మకాం పాతబస్తీ, సికింద్రాబాద్ మైదానాల నుంచి నగరం పడమటి అంచుకు జరిగింది. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం, మొయినాబాద్ మండలం అజీజ్‌నగర్‌లోని డెక్కన్ అరీనా రెండూ చేవెళ్ల లోక్‌సభ నియోజకవర్గం పరిధిలోవే. 2024 సెప్టెంబర్‌లో ఇంటర్‌కాంటినెంటల్ కప్ గచ్చిబౌలిలో జరిగింది. మూడే జట్లు, అందరూ అందరితో ఆడాలి. భారత్ మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. కొత్త కోచ్ మనోలో మార్కెజ్‌కు అవే తొలి మ్యాచ్‌లు. రెండే మ్యాచ్‌లైనా, గోల్ కొట్టలేని రోగం ఖతార్ నుంచి వెంట వచ్చిందని చెప్పడానికి అవి సరిపోయాయి. అదే ఏడాది డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ తుది దశ జరిగింది: పన్నెండు జట్లు, ఆరేసి చొప్పున రెండు గ్రూపులు. గ్రూపు దశకు డెక్కన్ అరీనా వేదికైంది. సెమీఫైనల్స్, ఫైనల్ గచ్చిబౌలిలో జరిగాయి. బెంగాల్ 1-0తో కేరళను ఓడించి కప్పు పట్టుకుపోయింది. 1956-57, 1957-58లలో వరుసగా ఇదే కప్పు గెలిచిన హైదరాబాద్‌కు వారసురాలైన తెలంగాణ, ఐదు మ్యాచ్‌లు ఆడి క్వార్టర్ ఫైనల్ చేరలేకపోయింది. పత్రికలకు ఫైనల్ ముఖ్యం. తెలంగాణ ఫుట్‌బాల్ బాగుపడాలనుకునేవాళ్లకు మాత్రం మొయినాబాద్‌లో జరిగిన ఆ ఐదు మ్యాచ్‌లే ముఖ్యం. అక్కడ ఏ జట్టుతో ఎంతదాకా నిలబడ్డామో, ఎక్కడ జారామో అన్నది ఒక్కో మ్యాచ్ చొప్పున రాసి ఉంది.

అదే మైదానాన్ని సొంతం చేసుకున్న శ్రీనిధి దక్కన్ క్లబ్ సంగతి ఇంకో కోణం చూపిస్తుంది. ఐ-లీగ్ అంటే నెలల తరబడి సాగే పెద్ద గ్రూపు లాంటిదే. ఆ క్లబ్ 2022-23లో, 2023-24లో వరుసగా రెండో స్థానంలో నిలిచింది. ఇండియన్ సూపర్ లీగ్ తలుపు మాత్రం మొదటి స్థానానికే తెరుచుకుంది. దాంతో పంజాబ్, మహమ్మడన్ స్పోర్టింగ్ పైకి వెళ్లాయి. రెండేళ్ల నిలకడ ఒక్క మెట్టు తేడాతో లెక్కలోంచి జారిపోయింది. చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతాల పిల్లలకు ఇంటిదగ్గరే అంత స్థాయి ఆట చూసే వీలు కలిగించిన జట్టును ‘ఏమీ గెలవలేదు’ అని తీసిపారేస్తే, రోమ్ జట్టుకు చేసిన అన్యాయమే మళ్లీ చేసినట్టు.

కప్పులు లెక్కపెట్టడం తప్పని నేను అనను. 1962 స్వర్ణం లేకుండా రోమ్ గురించి ఇంత ధైర్యంగా మాట్లాడే వీలుండేది కాదు. అయితే స్వర్ణం ఎలా వచ్చిందో చెప్పేది రోమ్ పట్టికే, మెల్‌బోర్న్ స్థానం కాదు. భారత ఫుట్‌బాల్ జట్టు ఆ తర్వాత మళ్లీ ఒలింపిక్స్‌కు చేరలేదు. జకార్తా నాటికే జబ్బుతో ఉన్న రహీం సాబ్ 1963 జూన్ 11న క్యాన్సర్‌తో కన్నుమూశాడు. ఆయన లేని భారత్ మరుసటి ఏడాది ఆసియా కప్‌లో, అదీ అందరూ అందరితో ఆడే పద్ధతిలోనే, రెండో స్థానం సాధించింది. అంటే పునాది ఒక్క మనిషితో కూలిపోలేదు. మరి ఎప్పుడు, ఎవరి చేతుల్లో కూలింది? 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలుపుతో మొదలుపెట్టి, ఆ ప్రశ్నను వచ్చే భాగంలో తేల్చుకుందాం.